వంతెన మీద కాపురం పెట్టలేం: ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్ మాస్టర్స్ తర్వాత ఏ దారి?

అల్లూరు తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నెల్లూరులో బీఫార్మసీ, ఆ తర్వాత యూకేలో ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్‌లో ఏడాది ఎమ్మెస్సీ, 24 లక్షల బ్యాంకు లోను, నాన్నగారు కౌలుకు చేసే రొయ్యల గుంటలు. ఉద్యోగాల సైట్లలో "ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్" అని కొడితే వచ్చేవన్నీ పీహెచ్‌డీనో పదేళ్ల అనుభవమో అడుగుతున్నాయి. పీహెచ్‌డీ చెయ్యాలా, ఉద్యోగం చూసుకోవాలా, అక్కడే ఉండాలా, వచ్చెయ్యాలా, నెల్లూరు దగ్గర్లో ఏమన్నా ఉందా, "ఇంతకీ నువ్వు చదివింది ఏందిరా" అని నాన్న అడిగితే ఏం చెప్పాలి అని అడిగావు. అన్నీ చెప్తాను కానీ నువ్వు అడిగిన వరుసలో కాదు.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది దర్శి దగ్గర పల్లె. తిరుపతిలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసి, 2003లో చెన్నైలో ఒక ఆసుపత్రిలో క్లినికల్ ట్రయల్ (కొత్త మందును మనుషుల మీద పరీక్షించి చూసే అధ్యయనం) కోఆర్డినేటర్‌గా చేరాను. తర్వాత మానిటర్‌గా ఊళ్లు తిరిగాను, కొన్నాళ్లు మందులకు ప్రభుత్వ అనుమతులు తెచ్చే రెగ్యులేటరీ విభాగంలో ఉన్నాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ట్రయల్స్ నడిపే టీమును చూస్తున్నాను. కొత్తవాళ్ల సీవీలు చదవడం నా పనిలో భాగం. నీలాంటి సీవీలు చాలానే చూశాను.

ముందు నువ్వు వెతికే పద్ధతి మార్చు. ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్ అనేది పని చేసే చోటు పేరే గానీ కొత్తగా చేరేవాళ్ల ఉద్యోగం పేరు కాదు. ల్యాబ్‌లో దొరికినదాన్ని రోగి మంచం దాకా తేవడం, మంచం దగ్గర కనిపించినదాన్ని మళ్లీ ల్యాబ్‌కు పట్టుకెళ్లడం, ఇదే కదా మీకు నేర్పింది. మన పెన్నా మీద వంతెన గుర్తు తెచ్చుకో. ఇవతల నెల్లూరులో జనం ఉంటారు, అవతల కోవూరులో జనం ఉంటారు. వంతెన మీద ఎవరూ కాపురం పెట్టరు. పెద్ద కంపెనీల్లో "ట్రాన్స్‌లేషనల్ సైంటిస్ట్" అని బోర్డు పెట్టుకున్నవాళ్లు ఎవరైనా సరే, ముందు ఏదో ఒక ఒడ్డున ఎనిమిదేళ్లో పదేళ్లో పనిచేసి తర్వాత వంతెన ఎక్కినవాళ్లే. నువ్వు ముందు ఒడ్డు ఎంచుకోవాలి. ల్యాబ్ ఒడ్డా, రోగి ఒడ్డా?

ఈ ఎంపికలో నీ మాస్టర్స్ కంటే దానికి ముందు చదివిన డిగ్రీకే బలం ఎక్కువ. ఈ మాట ఏ యూనివర్సిటీ బ్రోషర్‌లోనూ ఉండదు. ఇదే కోర్సు ఎంబీబీఎస్ వాళ్లు చేస్తే ట్రయల్‌లో ఇన్వెస్టిగేటర్ (ట్రయల్ బాధ్యత చూసే డాక్టర్) అవ్వొచ్చు, ఫార్మా కంపెనీలో మెడికల్ అడ్వైజర్ అవ్వొచ్చు. బయోటెక్ వాళ్లు చేస్తే ల్యాబ్ వైపు, జన్యువులను చదివే జీనోమిక్స్ వైపు నడుస్తుంది. నీ బీఫార్మసీకి రోగి ఒడ్డు, రెగ్యులేటరీ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆ డిగ్రీని నువ్వు సీవీలో ఒక్క లైనుకు కుదించి కింద పడేశావేమో చూసుకో. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అదే చేస్తారు.

అసలు ఈ పని ఏమిటో చెప్పడానికి మన జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. 2021 మే నెల, కృష్ణపట్నం. కరోనా రెండో అల మీద ఉంది, ఆక్సిజన్ లేదు, బెడ్లు లేవు, ముత్తుకూరు రోడ్డంతా అంబులెన్సులు. అక్కడ ఉచితంగా ఇచ్చే మూలికల మందు కోసం వేలమంది వచ్చారు. నాకు తెలిసినవాళ్లే ముగ్గురు వెళ్లారు, ముగ్గురూ బాగున్నారు. మరి మందు పనిచేసినట్టేనా? వాళ్లలో చాలామందికి మందు లేకపోయినా తగ్గేది కదా? వెళ్లి తిరిగి రానివాళ్ల లెక్క ఎవరు రాశారు? ప్రభుత్వం పంపిణీ ఆపించి, కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలితో పరిశీలన చేయించింది. మందు కరోనాను తగ్గిస్తుందనడానికి ఆధారం లేదనీ, కానీ హాని కూడా కనిపించలేదనీ చెప్పి, మే 31న కంటి చుక్కలు తప్ప మిగతావి ఇచ్చుకోవచ్చంది. వాడినా డాక్టర్లు రాసిన మందులు ఆపొద్దంది. ఆ రోజుల్లో మా ఇంట్లో దీనిమీద జరగని గొడవ లేదు. నేను మందును తిట్టలేదు, మెచ్చుకోలేదు. "తెలియదు" అన్నాను. ఆ "తెలియదు"ను "తెలుసు"గా మార్చే పనే మన వృత్తి. ఎవరికి ఇవ్వాలి, ఎవరితో పోల్చాలి, ఏం కొలవాలి, ఎన్నాళ్లు చూడాలి, ఎవరి అనుమతి తీసుకోవాలి, నష్టం జరిగితే బాధ్యత ఎవరిది? ఒక్కో ప్రశ్న వెనక ఒక్కో ఉద్యోగం ఉంది.

రోటావాక్ కథ కూడా చూడు, పసిబిడ్డలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు టీకా అది. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో, వైరస్ సోకినా విరేచనాలు రాని పసిబిడ్డల్లో ఒక రోటావైరస్ రకం దొరికింది. దానికి 116ఈ అని పేరు పెట్టారు. దాన్ని హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ టీకాగా తయారు చేసింది. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది బిడ్డల మీద మూడో దశ ట్రయల్ జరిగింది. రోటావైరస్ వల్ల వచ్చే తీవ్రమైన విరేచనాలను మొదటి ఏడాదిలో సుమారు 56 శాతం తగ్గించింది. 2014లో లైసెన్సు వచ్చింది. 2016లో దేశంలో మొదట నాలుగు రాష్ట్రాల్లో టీకాల కార్యక్రమంలో చేర్చారు, అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంటే అల్లూరు పీహెచ్‌సీలో బిడ్డ నోట్లో చుక్కలు పడటానికి ముప్పై ఏళ్లు పట్టింది. ఆ ముప్పై ఏళ్లూ శాస్త్రవేత్తలే నడిపారని అనుకోకు. వేలమంది తల్లుల ఇళ్లకు వెళ్లి బిడ్డకు ఎన్నిసార్లు విరేచనం అయిందో రాసుకొచ్చినవాళ్లు, ఆ కాగితాలు సరిచూసినవాళ్లు, దుష్ప్రభావాలు నమోదు చేసినవాళ్లు, గణాంకాలు కట్టినవాళ్లు, ఫైలు తయారు చేసి డ్రగ్స్ కంట్రోలర్‌కు సమర్పించినవాళ్లు ఉన్నారు. నీ మొదటి ఉద్యోగం ఈ జాబితాలోనే ఉంటుంది.

ఇక రోగి ఒడ్డు సంగతి. నేను ఎక్కువ కాలం బతికింది ఇక్కడే కాబట్టి ఎక్కువ చెప్తాను.

మొదటి మెట్టు కోఆర్డినేటర్. ఆసుపత్రిలో డాక్టర్ పక్కన ఉండి ట్రయల్‌ను రోజువారీగా నడిపేది వీళ్లే. జీతం తక్కువ, గౌరవం అంతకంటే తక్కువ. కానీ రెండేళ్లు చేస్తే మందు అంటే ఏమిటో ఒంటబడుతుంది. రోగికి సమ్మతి పత్రం వివరించడం అన్నిటికన్నా కష్టం. మనవాళ్లు "అర్థమైందా" అంటే "ఆ, అయింది" అంటారు. ఏం అర్థమైందో చెప్పమంటే "డాక్టరమ్మ ఎట్టా చెప్తే అట్టా" అంటారు. అది సమ్మతి కాదు తమ్ముడూ. ఇద్దరిలో ఒకరికి అసలు మందు, ఒకరికి మందు లేని మాత్ర వస్తుంది, ఎవరికి ఏదన్నది డాక్టర్‌కు కూడా తెలియదు అని ఎలా చెప్తావు? నేను చీటీలు వేసి తియ్యడంతో పోల్చేదాన్ని. గూడూరు నుంచి వచ్చిన ఒకావిడ "అంటే నాకు ఉత్త బిళ్ల వచ్చినా రావచ్చా, అట్టయితే మా ఆయన్ని అడిగి చెప్తా" అని లేచి వెళ్లింది. ఆ రోజు నేను పని సరిగ్గా చేశానని నమ్మకం కుదిరింది. ఆవిడకు నిజంగా అర్థమైంది మరి. 2009–10లో అప్పటి ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్) టీకా అధ్యయనంలో ఆడపిల్లల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి పార్లమెంటు కమిటీ దాకా వెళ్లింది. మన తెలుగు నేల మీద జరిగినది కాబట్టి ఈ పనిలోకి వచ్చే ప్రతి తెలుగువాడూ దాన్ని చదివి రావాలంటాను. నీకు తెలుగు, ఇంగ్లీషు రెండూ బాగా రావడం ఇక్కడ నిజమైన ఆస్తి. సమ్మతి పత్రాల తెలుగు అనువాదాలు ఎంత ఘోరంగా ఉంటాయో చూస్తే నీకే తెలుస్తుంది.

రెండో మెట్టు మానిటర్, అంటే సీఆర్‌ఏ (క్లినికల్ రీసెర్చ్ అసోసియేట్). కంపెనీ తరఫున ఆసుపత్రులకు వెళ్లి కాగితాలు సరిచూడాలి. ఐక్వియా, పారెక్సెల్, ఐకాన్, సినియోస్ లాంటి సీఆర్‌ఓలు (మందుల కంపెనీల తరఫున ట్రయల్స్ నడిపే సంస్థలు) వీళ్లను తీసుకుంటాయి. నెలలో సగం రోజులు రైళ్లలో, లాడ్జీల్లో గడుస్తాయి. ఒకసారి ఒక ఆసుపత్రిలో రోగులు ఇంట్లో రాసుకోవాల్సిన మాత్రల డైరీలు చూస్తున్నాను. ఆరు నెలల డైరీ, ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ఒక్క కొట్టివేత లేదు. అనుమానం వచ్చి తేదీలు చూస్తూ పోతే జూన్ 31న కూడా మాత్ర వేసుకున్నట్టు ఉంది! మిగతా డైరీలు కూడా అలాగే కూర్చుని నింపినవే. రిపోర్టు రాశాను. అక్కడి పెద్ద డాక్టర్ నా మీద గట్టిగా అరిచారు, మా కంపెనీలోనే ఒకరిద్దరు "అంత అవసరమా" అన్నారు. చివరికి ఆ సైటు డేటా మొత్తం పక్కన పెట్టారు. ఆ ఏడాది నాకు ఇంక్రిమెంటు అంతంత మాత్రమే. ఈ ఉద్యోగంలో ఇలాంటి రోజు ఒకటి తప్పకుండా వస్తుంది, ముందే చెప్తున్నాను.

ఇంటర్వ్యూలో నేను తప్పకుండా అడిగేది ఒకటి చెప్తా, రాసుకో. ట్రయల్‌లో ఉన్న రోగి ఊళ్లో నర్సింగ్‌హోంలో చేరాడు, నీకు నాలుగు రోజుల తర్వాత తెలిసింది, ఏం చేస్తావు? మన 2019 నాటి న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం తీవ్రమైన దుష్ప్రభావం జరిగిన 24 గంటల్లోపు ఇన్వెస్టిగేటర్ సీడీఎస్‌సీఓకూ (కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ), ట్రయల్ చేయించే స్పాన్సర్‌కూ, ఎథిక్స్ కమిటీకీ తెలపాలి. ఆలస్యమైతే కారణం రాసివ్వాలి. యూకేలో చదివినవాళ్లు అక్కడి నియమాలు గడగడా చెప్తారు, ఇక్కడివి అడిగితే నీళ్లు నములుతారు. ఆ రూల్స్ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చదువు. ట్రయల్ మొదలుపెట్టే ముందే సీటీఆర్‌ఐలో (దేశంలోని ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు చెయ్యాలన్నది 2009 నుంచి తప్పనిసరి. ఆ వెబ్‌సైట్‌లో ఏ మందు మీద, ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో ట్రయల్ నడుస్తుందో అందరూ చూడొచ్చు. ఉద్యోగం వెతుక్కునేవాడికి అంతకంటే మంచి డైరెక్టరీ ఏముంది? నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, తిరుపతి అని కొట్టి చూడు. నౌక్రీలో వెయ్యి అప్లికేషన్ల కంటే అది నయం.

ఇదే ఒడ్డున ఇంకో తలుపు ఫార్మకోవిజిలెన్స్, అంటే మందులు మార్కెట్లోకి వచ్చాక వాటి దుష్ప్రభావాలు నమోదు చేసే పని. హైదరాబాద్‌లో బీఫార్మసీ వాళ్లను ఎక్కువగా తీసుకునేది ఇక్కడే. కుర్చీలో కూర్చుని చేసే పని, షిఫ్టులు ఉంటాయి, మొదటి ఏడాది తర్వాత విసుగు పుడుతుంది. అయినా లోను ఉన్నవాడికి మొదటి అడుగుగా తప్పు లేదు. ట్రయల్స్‌లో వచ్చిన సమాచారాన్ని సరిచూసి పెట్టే క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్ కూడా దాదాపు అంతే. ఇలాంటివాటిలో కొత్తగా చేరేవాళ్లకు నేను చూసినంతలో ఏడాదికి 3 నుంచి 5 లక్షలు ఇస్తున్నారు. మాస్టర్స్ యూకేలో చేశావని ఎక్కువ ఇవ్వరు. మనసు గట్టి చేసుకో.

నన్నడిగితే నీకు నప్పేది రెగ్యులేటరీ అఫైర్స్. మందుకు అనుమతి కోసం ప్రభుత్వాలకు పెట్టే ఫైలును సీటీడీ అంటారు, ఐదు మాడ్యూళ్లు ఉంటుంది. మూడోది మందు తయారీ, నాణ్యత గురించి. నాలుగోది జంతువుల మీద చేసిన పరీక్షలు, ఐదోది మనుషుల మీద చేసినవి. బీఫార్మసీలో నువ్వు చదివినదంతా మూడో మాడ్యూలు, ఎమ్మెస్సీలో చదివినదంతా నాలుగూ ఐదూ. ఇవన్నీ ఒకే బుర్రలో ఉన్న పిల్లలు తక్కువ. డాక్టర్ రెడ్డీస్ లాంటి మన కంపెనీలకూ, హైదరాబాద్‌లో ఆఫీసులు పెట్టిన నోవార్టిస్, సనోఫీ, ఆమ్‌జెన్ లాంటివాటికీ ఇలాంటివాళ్లు కావాలి. మెడికల్ డివైజుల వైపు మనసుంటే విశాఖలోని మెడ్‌టెక్ జోన్ చూడు. 2017 మెడికల్ డివైస్ రూల్స్ వచ్చాక ఆ పరిశ్రమలోనూ ఈ పని తెలిసినవాళ్ల అవసరం పెరిగింది.

ఇంకోటి, నీ బీఫార్మసీతో డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ పోస్టుకు అర్హత ఉంది. ఏపీపీఎస్సీ ఎప్పుడో ఒకసారి వేస్తుంది, కానీ వేసినప్పుడు వదలొద్దు. అలాగే ఒక హెచ్చరిక: ఫార్మసీ డిగ్రీ కాలేజీలో లెక్చరర్ అవ్వాలంటే ఫార్మసీ కౌన్సిల్ మామూలుగా ఎంఫార్మసీ అడుగుతుంది. నీ ఎమ్మెస్సీ అక్కడ చెల్లదు. ఊళ్లో ఎవరో "కాలేజీలో పెట్టిస్తా" అంటే ఆ మాట గుర్తుంచుకో. యూకే ఏడాది మాస్టర్స్‌కు ఇక్కడ గుర్తింపు ఉండదని భయపెట్టేవాళ్ల మాట మాత్రం పాతబడింది. 2022 జులైలో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. ప్రభుత్వ ఉద్యోగాలకు, నీ డిగ్రీ ఇక్కడి డిగ్రీతో సమానమని చెప్పే సమానత్వ పత్రం అవసరమవుతుంది, అక్కడ ఉండగానే ట్రాన్స్‌క్రిప్టులు, మార్కుల కాగితాలు అన్నీ ఒరిజినల్స్ తీసుకుని రా. ఇక్కడికొచ్చి ఈమెయిళ్లు పంపుకుంటూ కూర్చుంటే ఆరు నెలలు పోతాయి.

ల్యాబ్ ఒడ్డు గురించి తక్కువే చెప్తాను, అది నా ఒడ్డు కాదు కాబట్టి. ఆ వైపు పీహెచ్‌డీ లేకుండా కొంత దూరమే పోగలం. ప్రభుత్వ పరిశోధన సంస్థలంటే హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఫరీదాబాద్‌లో టీహెచ్‌ఎస్‌టీఐ (ట్రాన్స్‌లేషనల్ హెల్త్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్). చివరిదాని పేరులోనే ట్రాన్స్‌లేషనల్ ఉంది. పరిశోధన స్కాలర్‌షిప్‌కు పెట్టే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష రాయడానికి నీ బీఫార్మసీ చాలు. జేఆర్‌ఎఫ్ (ఆ స్కాలర్‌షిప్ పేరు) వస్తే 2023 నుంచి నెలకు 37,000, ఇంటి అద్దె వేరే. ఇప్పుడు నీ లోను లెక్క వేద్దాం. 24 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే నెలకు 33 వేల చిల్లర కట్టాలి. అంటే స్కాలర్‌షిప్ దాదాపు అంతా బ్యాంకుకు పోతుంది, నువ్వు తినేది నాన్న డబ్బే. రొయ్యకు రేటు లేని ఏడాదిలో ఆ బరువు ఆయన మీద పెట్టగలవా? పీహెచ్‌డీ మీద నిజంగా ప్రాణం ఉంటే జర్మనీ, నెదర్లాండ్స్, డెన్మార్క్ వైపు చూడు, అక్కడ పీహెచ్‌డీ విద్యార్థిని ఎక్కువగా జీతం ఇచ్చే ఉద్యోగిగానే తీసుకుంటారు. ప్రాణం లేకుండా, ఉద్యోగం దొరకలేదని మాత్రం పీహెచ్‌డీలోకి వెళ్లొద్దు. అలా వెళ్లినవాళ్లను నలుగురిని చూశాను, ముగ్గురు మధ్యలో వచ్చేశారు.

ఆ ఒడ్డున ఈ మధ్య నన్ను కుర్చీలోంచి లేపిన పని ఒకటుంది. ఐఐటీ బాంబేలో మొదలై, టాటా మెమోరియల్ డాక్టర్లతో కలిసి, ఇమ్యునోయాక్ట్ అనే వాళ్ల సొంత కంపెనీ ద్వారా వచ్చిన నెక్స్‌కార్19. రోగి రక్తంలో రోగాలతో పోరాడే టీ కణాలను తీసి, మార్చి, మళ్లీ ఎక్కించే క్యాన్సర్ చికిత్స. 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. విదేశాల్లో కోట్లు అయ్యేదాన్ని లక్షల్లోకి తెచ్చారు. సామాన్యుడికి ఆ లక్షలు కూడా ఎక్కువే అనుకో. ఇలాంటి చికిత్సలో మందు సీసాలో రాదు, రోగి నుంచి ల్యాబ్‌కు, ల్యాబ్ నుంచి రోగికి ప్రయాణిస్తుంది. కణాల తయారీ, నాణ్యత పరీక్షల విభాగాల్లో చేతిపని బాగా వచ్చిన మాస్టర్స్ పిల్లలకు చోటుంది. నీ ప్రాజెక్టులో ఫ్లో సైటోమెట్రీ (కణాలను రకాలవారీగా లెక్కించే పరీక్ష) గానీ సెల్ కల్చర్ (ల్యాబ్‌లో కణాలను పెంచడం) గానీ నీ చేతులతో చేశావా, పక్కన నిలబడి చూశావా? చూసింది చేశానని రాయకు. రెండో ప్రశ్నకే దొరికిపోతావు.

సొంత కంపెనీ ఆలోచన ఉంటే బైరాక్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇచ్చే బిగ్ గ్రాంటు ఉంది, 18 నెలలకు 50 లక్షల దాకా. కానీ ఇప్పుడే కాదు, ఏదో ఒక సమస్యను దగ్గరగా చూశాక.

ఒడ్డు దాటాక ఊరు కూడా ఉంటుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. మాది దర్శి అన్నాను కదా. నేను నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు ఇప్పటికీ కనిపిస్తాయి. మా నాయనమ్మ మెడ పక్కకు తిప్పలేక మొత్తం మనిషే తిరిగేది. ఫ్లోరైడు నీళ్లు. దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను (ఫ్లోరైడు వల్ల పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) మొదట గుర్తించి వైద్య పత్రికలో రాసింది 1937లో, మా ప్రాంతం మీదే. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, మేమంతా నెల్లూరు జిల్లాలోనే. పటికా సున్నంతో ఫ్లోరైడు తీసే నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో తయారుచేసింది. ల్యాబ్‌లో చక్కగా పనిచేస్తుంది. ఊళ్లో పొద్దున్నే పటిక తూకం వేసేది ఎవరు? అడుగున మిగిలిన మడ్డి ఎక్కడ పోయాలి? నీళ్ల రుచి మారిందని వదిలేస్తే? నేను 1980ల్లో పుట్టి కూడా ఆ నీళ్లే తాగాను. పరిశోధన పూర్తయ్యాక ప్రజల దాకా ఎందుకు రాలేదో చూడటం కూడా ట్రాన్స్‌లేషనే, దాన్ని ఇంప్లిమెంటేషన్ రీసెర్చ్ అంటున్నారు. ఐసీఎంఆర్ సంస్థల్లో, కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద ఉన్న హెల్త్ టెక్నాలజీ అసెస్‌మెంట్ విభాగంలో కాంట్రాక్టు పోస్టులు పడుతుంటాయి. ఏ మందుకు, ఏ పరికరానికి ప్రభుత్వం డబ్బు పెట్టొచ్చో లెక్కకట్టే పని. జీతం ఓ మాదిరి, భద్రత లేదు. అయినా నేను మళ్లీ పాతికేళ్ల పిల్లనైతే అటే వెళ్తాను.

నెల్లూరు దగ్గర్లో ఏముంది అన్నావు. జిల్లాలో కోఆర్డినేటర్ పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. కానీ నీకు చెన్నై ఉంది. పొద్దున రైలెక్కితే ఆఫీసు టైముకు చేరే ఊరు. అక్కడి క్షయ పరిశోధన సంస్థ 1956లో మొదలైంది. శానిటోరియంలో పెట్టి చూసినా ఇంట్లోనే మందులిచ్చినా క్షయ ఒకేలా తగ్గుతుందని 1959లో తేల్చి చూపింది. ప్రపంచం క్షయ చికిత్సను ఆసుపత్రి నుంచి ఇంటికి మార్చిన ట్రయల్ మన పక్క ఊళ్లో జరిగింది, మనకే తెలియదు. అలాంటి చోట ప్రాజెక్టు పోస్టు నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండు. వాక్-ఇన్ అంటే వెళ్లిపో, సిగ్గుపడకు.

యూకేలో ఉండాలా? గ్రాడ్యుయేట్ వీసాకు 2026 డిసెంబరు 31 లోపు దరఖాస్తు చేస్తే రెండేళ్లు, ఆ తర్వాత చేసేవాళ్లకు 18 నెలలే. ఆ గడువులో స్కిల్డ్ వర్కర్ వీసా దొరకాలంటే 2025 జులై నుంచి మామూలుగా 41,700 పౌండ్ల జీతం ఉండాలి, కొత్తవాళ్లకు కొంత తగ్గింపు ఉంది. కొత్తగా చేరే ట్రయల్స్ ఉద్యోగాలు ఎక్కువగా దానికి కిందే ఉంటాయి. కాబట్టి అక్కడే స్థిరపడతానని లెక్క కట్టకు, కానీ వీసా ఉన్నన్నాళ్లు వాడుకో. ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రుల్లో, యూనివర్సిటీల ట్రయల్ యూనిట్లలో అసిస్టెంటు పని దొరికినా చాలు. ఏడాది అక్కడ ట్రయల్ ఫైళ్లు పట్టుకున్నవాడి సీవీ నా బల్ల మీద పైకి వస్తుంది. రెస్టారెంటులో రెండేళ్లు చేసి వచ్చినవాడిది అలా రాదు. ఆ పనిని తక్కువ చెయ్యడం లేదు, నేను తీసుకునే ఉద్యోగానికి అది లెక్కకు రాదంతే.

డబ్బు కట్టించుకుని "క్లినికల్ రీసెర్చ్ డిప్లొమా, వంద శాతం ప్లేస్‌మెంట్" అనేవాళ్ల జోలికి పోకు. మా పిన్ని కొడుకు ఒకచోట 80 వేలు కట్టాడు, వాళ్లు చేసిన ప్లేస్‌మెంట్ ఒక కాల్‌సెంటర్. ట్రయల్స్ ఎలా నడపాలో చెప్పే నియమాల (జీసీపీ) సర్టిఫికెట్ కావాలంటే గ్లోబల్ హెల్త్ నెట్‌వర్క్ సైటులో ఉచితంగా చెయ్యొచ్చు, ఒక పూట పని.

నాన్నగారి ప్రశ్న చివరికి ఉంచాను. ఆయన హేచరీ నుంచి పిల్ల తెచ్చేముందు పీసీఆర్ చేయించకుండా గుంటలో వదులుతారా? తెల్లమచ్చ వైరస్ ఉందేమో చూడకుండా లక్షల పిల్ల వదిలితే ఏమవుతుందో ఆయనకు మనకంటే బాగా తెలుసు. "మందును మనుషుల్లోకి వదిలేముందు ఆ పరీక్షలన్నీ చేయించే పని నాన్నా" అని చెప్పు. ఆ మాటకొస్తే కావలి, నెల్లూరు చుట్టూ రొయ్యల పీసీఆర్ ల్యాబుల్లో పనిచేసే పిల్లలు కొందరికి శాంపిల్ తీయడం, కలుషితం కాకుండా చూడటం యూకే మాస్టర్స్ వాళ్లకంటే బాగా వచ్చు. ఒకమ్మాయిని అక్కడి నుంచే మా టీములోకి తీసుకున్నాను.

సీవీ రెండు పేజీలు దాటకుండా చేసి, బీఫార్మసీ ప్రాజెక్టు పైకి తెచ్చి, ప్రతి పరీక్ష ఎదురుగా "చేశాను" లేదా "చూశాను" అని రాసి ఇక్కడే పెట్టు, పేరు, ఫోన్ నంబరు తీసేసి. ఆదివారం కూర్చుని చూస్తాను.